‘ఏమీ లేదు, టెన్షన్ అంతే’ అంటే ఊరుకోవద్దు!



రాత్రి పాళీలో సాంచాల నడుమ నిలబడ్డ మనిషికి ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంటుంది. చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమట పడుతుంది, ఊపిరి అందదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇక చచ్చిపోతున్నానని అనిపిస్తుంది. పక్క సాంచాల మీద ఉన్నవాళ్లు రిక్షాలో వేసుకొని దవాఖానకు ఉరుకుతారు. అక్కడ ఈసీజీ తీస్తారు. అది బాగానే ఉంటుంది. అప్పుడు వినబడే మాట భీవండిలోనైనా, సోలాపూర్‌లోనైనా, ముంబయిలోనైనా ఒక్కటే: ‘ఏమీ లేదు, టెన్షన్ అంతే. టెన్షన్ తీసుకోవద్దు.’ ఒక గ్లూకోజు సీసా, ఒక బీ-కాంప్లెక్స్ సూది, పది నిద్రమాత్రలు. రెండు మూడు రోజుల కూలి అక్కడే ఖర్చయిపోతుంది. కొన్నాళ్లకు దడ మళ్లీ వస్తుంది.

ఈ ‘ఏమీ లేదు’ అనే మాట మీదనే మేము రాస్తున్నాం. మిల్లు డాక్టరు అన్నా, గల్లీ డాక్టరు అన్నా, సేటు అన్నా, చివరికి మన సంఘంలోని పెద్దలు అన్నా అది అబద్ధం. ఏమీ లేని మనిషి నెలల తరబడి నిద్ర లేకుండా ఉండడు. ఏమీ లేని మనిషి టిఫిన్ డబ్బా చేతపట్టుకొని గడప దాటలేక కూలబడడు. దీనికి వైద్యంలో పేరుంది, పరీక్ష ఉంది, మందు ఉంది, మందు లేకుండా నయం చేసే పద్ధతి కూడా ఉంది. ఆందోళన జబ్బు అంటారు. మన ఊళ్ల మాటల్లో రంది, బుగులు, గాబరా. ఏ పేరుతో పిలిచినా జబ్బు జబ్బే.

అయితే ప్రతి రందీ జబ్బు కాదు. బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతుంటే నిద్ర పట్టకపోవడం ఎవరికైనా ఉండేదే. అప్పు సంగతి తేలిపోయినా, ఇంట్లో అందరూ బాగానే ఉన్నా, ఏదో జరగబోతోందన్న బుగులు ఆరు నెలలైనా వదలకపోతే, దానివల్ల తిండి, నిద్ర, పని చెడిపోతుంటే, అది జబ్బు. పైన చెప్పిన హఠాత్తు దడ సాధారణంగా పది నిమిషాల్లో బాగా పెరిగి, ఆ తర్వాత మెల్లగా దిగిపోతుంది. దానివల్ల ప్రాణం పోదు. కానీ మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న భయం మనిషిని పట్టుకుంటుంది. సాంచా దగ్గరికి పోవడానికి, రైలెక్కడానికి, బజారులో నలుగురి నడుమ నిలబడడానికి భయం. మెల్లమెల్లగా మనిషి ఖోలీకే పరిమితమైపోతాడు. ఇరుగుపొరుగు వాళ్లు ‘పని దొంగ’ అంటారు.

ఛాతీలో నొప్పి మొదటిసారి వచ్చినవాళ్లు ‘ఇది బుగులేలే’ అనుకొని ఇంట్లో కూర్చోకూడదు. ముందు గుండె చూపించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైనా, ఒంట్లో రక్తం తక్కువైనా దడ వస్తుంది, ఆ పరీక్షలు కూడా జరగాలి. కార్డింగ్, స్పిన్నింగ్ ఖాతాల వాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. వారపు సెలవు తర్వాత మొదటి రోజు పనిలోకి దిగినప్పుడు ఛాతీ బిగుసుకుపోయి, వారం నడిచేకొద్దీ తగ్గుతూ పోతే అది పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ కావచ్చు. అది ఊపిరితిత్తుల జబ్బు. పనివల్ల వచ్చే జబ్బుగా చట్టం ఒప్పుకున్న జబ్బు, నష్టపరిహారం రావలసిన జబ్బు. దాన్ని కూడా ‘టెన్షన్’ అని చీటీ మీద రాసి పంపేస్తే యాజమాన్యానికి ఎంత లాభమో వేరే చెప్పాలా? కాబట్టి ఊపిరి పరీక్ష చేయకుండా టెన్షన్ అని రాసే డాక్టరును నిలదీయండి.

ఇక ఈ జబ్బు గురించి మన చుట్టూ నడిచే వాదాలు చూద్దాం.

‘ఇది బంగళాల్లో ఉండేవాళ్ల జబ్బు, కష్టం చేసేవాడికి రాదు’ అనేది మొదటిది. కష్టం చేసేవాడి బతుకు ఎట్లా ఉందో చూసి ఈ మాట అనాలి. సాంచాల షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలు సంగతి. ఆ మోతలో 12 గంటల పాళీ. వారం పగలు, వారం రాత్రి. రాత్రి పాళీ దిగి వచ్చి పడుకుందామంటే అదే ఖోలీలో పగటి వంట, పిల్లల గోల, రేకుల వేడి. కూలి మీటరు లెక్కన. దారం తెగితే, బీము లేటయితే, కరెంటు పోతే కూలి పోయినట్టే. రేపు షెడ్డు నడుస్తుందా, సేటు సాంచాలను తుక్కు కింద అమ్ముకుంటాడా, ఎవరికీ తెలియదు. ఇంటి దగ్గర జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, నల్లగొండలోనో ముసలి తల్లిదండ్రులు. వాళ్లకు నెలనెలా పంపవలసిన డబ్బులు. ఈ బతుకులో రంది రాదంటారా? రంది రావడానికి ఇంతకన్నా సారవంతమైన నేల ఎక్కడుంది?

రెండో వాదం సేటుది. ‘వాడి మెదడు పాడైంది, మిషను మీద పెట్టలేను, లెక్క తీసుకొని పొమ్మను.’ మిషను పాడైతే మెకానిక్‌ను పిలిపించేవాడు, మనిషికి జబ్బు చేస్తే గేటు చూపిస్తాడు. దీనికి జవాబు చట్టంలోనే ఉంది. 2017లో చేసి, 2018 మే 29 నుంచి అమల్లోకి తెచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన అతను మతిస్థిమితం లేనివాడని అర్థం కాదని చెబుతోంది. ఆ మాట చెప్పగలిగేది కోర్టు, సేటు కాదు. జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు రోగికి ఉంది. మన అనుమతి లేకుండా డాక్టరు మన జబ్బు సంగతి మిల్లు మేనేజరుకు చెప్పే వీలు లేదు.

మూడోది వేరే రకం. ‘గాలి సోకింది, ఎవరో చేయించారు’ అని ఆడవాళ్లను ముఖ్యంగా బాబాల దగ్గరికి, భూతవైద్యుల దగ్గరికి తిప్పుతారు. పోచమ్మకు బోనం పెట్టుకుంటామంటే మేము వద్దనం, మార్కండేయుడి గుడికి పోతే మనసు నిమ్మళిస్తుందంటే పోండి. కానీ దయ్యం వదిలిస్తానని మనిషిని కొట్టేవాడు, పొగ పెట్టేవాడు మహారాష్ట్రలో 2013 నుంచి చట్టం ముందు నేరస్థుడు. వైండింగ్ ఖాతాలో పనిచేసి వచ్చి, ఇంటిల్లిపాదికీ వండి, మిగిలిన పొద్దు బీడీలు చుట్టే తల్లికి దయ్యం పట్టనక్కర లేదు, ఆ బతుకే చాలు. ఆమెకు కావలసింది వేపమండల దెబ్బలు కాదు, డాక్టరు.

మందు సీసా సంగతి మగవాళ్లందరికీ తెలుసు. రెండు గుక్కలు పడితే బుగులు అణిగినట్టే ఉంటుంది. దిగిన తర్వాత రెట్టింపై వస్తుంది. గుట్కా, మావా, రాత్రి పాళీలో పడే పది చాయలు కూడా దడను పెంచేవే. ఎక్కువ రాయం, ఇంట్లో ఆడవాళ్లు ఇంతకన్నా బాగా చెప్పగలరు.

మేము ఎక్కువగా జవాబు చెప్పవలసింది నాలుగో వాదానికి. అది మన కార్యకర్తల నోటి నుంచే వస్తుంది. ‘ఇదంతా దోపిడీ వల్ల వచ్చింది. కూలి పెరిగితే, పని గంటలు తగ్గితే దడ దానంతట అదే పోతుంది. మాత్రలు ఇచ్చి కార్మికుడిని జో కొట్టడం యాజమాన్యాల ఎత్తు.’ వినడానికి విప్లవంగానే ఉంది. కానీ ఈ లెక్కన దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన కార్మికుడికి దుమ్ము పోయేదాకా మందు ఇవ్వకూడదన్నమాట! సాంచాలో చేయి పడ్డవాడికి మిషనుకు గార్డు బిగించేదాకా కట్టు కట్టకూడదన్నమాట! గార్డు కోసం కొట్లాడతాం, అదే గంటలో చేతికి కట్టూ కట్టిస్తాం. మనసు విషయంలో మాత్రం ఈ మామూలు తెలివి ఎక్కడికి పోతుంది?

ముంబయిలో 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు బయటికి వచ్చారు. ఆ తర్వాత ఎందరు శాశ్వతంగా పని పోగొట్టుకున్నారో, ఎన్ని మిల్లులు మూతపడి ఆ స్థలాల్లో మేడలు లేచాయో అందరికీ తెలుసు. పోయిన కూలి లెక్క కట్టారు, పోయిన బోనసు లెక్క కట్టారు. ఆ కుటుంబాల్లో పోయిన నిద్రను ఎవరూ లెక్క కట్టలేదు. మన సొంత సిరిసిల్లలో సాంచాల కార్మికులు ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు తీసుకున్నప్పుడు ఊరేగింపులు తీశాం, నష్టపరిహారం అడిగాం, అడగవలసిందే. వాళ్లు బతికి ఉండి నిద్ర పట్టడం లేదని చెప్పుకున్న రోజుల్లో వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోయినవాళ్లు ఎందరు? నెలరోజులు నిద్ర లేని మనిషి గేటు మీటింగులో నిలబడగలడా, లాకౌటును తట్టుకోగలడా? జబ్బు మనిషిని సంఘం నుంచి దూరం చేస్తుంది. వైద్యం అతన్ని వెనక్కి తెస్తుంది. మాత్ర వేసుకుంటే పోరాటం చల్లారుతుందన్న భయానికి అర్థం లేదు.

అయితే ఏ మాత్ర, ఎవరు రాసిన మాత్ర అనేది చూడాలి. గల్లీ డాక్టర్లు, మందుల షాపులవాళ్లు చేతిలో పెట్టేది సాధారణంగా ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోనజెపాం. ఇవి అరగంటలో నెమ్మది చేస్తాయి, అందుకే జనం మళ్లీ అడుగుతారు. కొద్దికాలం, డాక్టరు కంటి ముందు వాడితే పనికొచ్చేవే. నెలలకొద్దీ వాడితే అలవాటు పడిపోతారు. ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. పైగా మగతలో సాంచా మీద నిలబడితే వేళ్లు ఉండవు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఈ మాట చదివి రేపే బంద్ చేయకండి. డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకోవాలి.

ఆందోళన జబ్బుకు అసలు మందులు వేరే ఉన్నాయి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటీన్ లాంటివి. అవి నిద్రమాత్రలు కావు, మత్తుకు అలవాటు చేసేవి కావు. రెండు నుంచి ఆరు వారాలకు గాని గుణం తెలియదు. మొదటి వారంలో కడుపులో వికారం, కొంచెం ఎక్కువ గాబరా ఉండవచ్చు. ఈ సంగతి డాక్టరు చెప్పడు, మనవాళ్లు నాలుగు రోజులు మింగి ‘పనిచేయలేదు’ అని పారేస్తారు. గుణం వచ్చిన తర్వాత కూడా నెలల పాటు వాడి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ ఆపాలి. జన్ ఔషధి దుకాణాల్లో ఇవి చవకగా దొరుకుతాయి. మందులతో పాటో, మందులు లేకుండానో మాటలతో చేసే వైద్యం కూడా ఉంది. దాన్ని జనం ‘నీతులు చెప్పడం’ అనుకుంటారు, అది తప్పు. శిక్షణ పొందిన మనిషి వారానికొకసారి కూర్చోబెట్టి, దడ వచ్చినప్పుడు ఏ ఆలోచన వస్తోందో పట్టుకోవడం, భయపడి మానేసిన పనులను చిన్నచిన్న మెట్లుగా మళ్లీ మొదలుపెట్టడం నేర్పుతారు. చాలామందికి మందు ఎంత పనిచేస్తుందో ఇదీ అంతే పనిచేస్తుంది. కానీ మన పాళీలకు ఆ వైద్యం అందేదెట్లా? వారానికొక పూట సెలవు ఏ సేటు ఇస్తున్నాడు?

అసలు కొట్లాట ఇక్కడే ఉంది. 1948 చట్టంతో వచ్చిన ఈఎస్ఐకి మన జీతంలో నుంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కట్టాలి. అది దానం కాదు, మన డబ్బు. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం జీతం రావాలి. దానికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా పడి ఉండాలి. దీర్ఘకాలపు జబ్బులకు 80 శాతం, రెండేళ్ల దాకా పొడిగించే వీలుంది. ఆ దీర్ఘకాలపు జబ్బుల జాబితాలో 34 పేర్లున్నాయి. మనసు జబ్బుల కింద ఏమున్నాయో చూడండి: స్కిజోఫ్రీనియా, మానిక్ డిప్రెసివ్ సైకోసిస్, డిమెన్షియా, ‘ఎండోజెనస్’ డిప్రెషన్. ఆందోళన జబ్బు పేరు లేదు. ఇక ‘ఎండోజెనస్’ అంటే లోపలి నుంచి దానంతట అదే పుట్టిన కుంగుబాటు. అంటే సాంచా మోత వల్ల, పని పోయినందువల్ల, అప్పుల వల్ల మనిషి కుంగిపోతే అది ఈ జాబితా లెక్కలోకి రాదన్నమాట! బయటి కారణం ఉంటే బయటికి పొమ్మంటారు! కార్మికుల కోసం పెట్టిన పథకంలో కార్మికుడి బతుకు వల్ల వచ్చే జబ్బుకే చోటు లేదు. ఈ జాబితాను ఇప్పటి వైద్యశాస్త్రానికి తగ్గట్టు మార్చాలి, తీవ్రమైన ఆందోళన జబ్బును అందులో చేర్చాలి. ఇది మన మొదటి డిమాండు.

‘మానసిక వైద్యులు లేరు, ఏం చేస్తాం’ అంటారు అధికారులు. లేరన్న మాట నిజమే, మన దేశంలో లక్ష మందికి ఒక్కరు కూడా లేరు. అయితే దారి కూడా మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బళ్లారి జిల్లాలోనే 1980లలో కనబడింది. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు అక్కడ పల్లె దవాఖానల మామూలు డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి మనసు జబ్బులకు ఊళ్లోనే వైద్యం అందించి చూపించారు. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. పల్లె డాక్టరు నేర్చుకోగలిగినది ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరు ఎందుకు నేర్చుకోలేడు? 2017 చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ దవాఖానల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. జిల్లాలో ఆ సేవలు ప్రభుత్వం పెట్టకపోతే అదే జిల్లాలో వేరేచోట చేయించుకున్న వైద్యానికి ప్రభుత్వమే ఖర్చు భరించాలి.

పదిమంది కంటే తక్కువ ఉన్నారని చూపించి ఒకే షెడ్డును అన్న పేరు మీద, తమ్ముడి పేరు మీద, భార్య పేరు మీద ముక్కలు చేసి ఈఎస్ఐ ఎగ్గొట్టే సేట్ల సంగతి గతంలోనూ రాశాం. మీటరు లెక్కన పనిచేసే అన్నలకు కార్డే లేదు. వాళ్లు ప్రభుత్వ సివిల్ ఆసుపత్రికి పోవచ్చు. అక్కడ మానసిక విభాగం ఓపీ ఏ రోజు ఉందో అడిగి చీటీ రాయించుకోండి. ఆ విభాగం పేరు చూసి వెనక్కి రాకండి. మన ఊళ్లో ‘ఎర్రగడ్డకు తోలాలె’ అని, ఇక్కడ ‘ఠాణాకు పంపాలి’ అని ఎగతాళి చేసీ చేసీ ఆ తలుపు దగ్గరికి పోవాలంటేనే సిగ్గు పుట్టించారు. ఆందోళన జబ్బుకు మామూలుగా ఎవరినీ ఎక్కడా బంధించరు. ఓపీలో చూపించుకొని సాయంత్రానికి ఇంటికి వచ్చే వైద్యం అది.

భాష ఇంకొక గోడ. ‘బుగులైతుంది’, ‘పానం గాబరైతుంది’ అని మన చెల్లె చెబితే మరాఠీ డాక్టరుకు ఏం అర్థమవుతుంది? హిందీలో ‘కమ్‌జోరీ’ అని చెప్పి ఊరుకుంటే బలం సూదే దక్కుతుంది. పోయే ముందు చదువుకున్న పిల్లల చేత కాగితం మీద రాయించుకోండి: దడ ఎన్నిసార్లు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, నిద్ర ఎన్ని గంటలు, ఏ పాళీ, ఇంతవరకు ఏ మాత్రలు వాడారు, తాగుడు ఉందా. ఫోను మీద అయితే ప్రభుత్వం 2022 అక్టోబరు 10న పెట్టిన టెలీ-మానస్ ఉంది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రి పాళీ దిగి వచ్చిన తర్వాత కూడా చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్లను అడగవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంటే తెల్లారేదాకా ఆగకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, అప్పుడే ఫోను చేయండి, దవాఖానకు తీసుకుపోండి. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టేవాళ్లున్నారు. అటువంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే 2017 చట్టం భావిస్తుంది, శిక్షించమనదు. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1న వచ్చిన కొత్త సంహితలోకి రాలేదు.

సంఘం ముందు ఇప్పుడు ఉన్న పని ఇది. ప్రతి ఈఎస్ఐ డిస్పెన్సరీలో వారానికి ఒక రోజైనా మానసిక వైద్యుడు కూర్చోవాలి. తెలుగు, హిందీ తెలిసిన కౌన్సెలర్‌ను పెట్టాలి. వైద్యానికి పోయిన పూటకు కూలి కోయకూడదు. మందు మొదలుపెట్టిన కార్మికుడికి మొదటి నెల రాత్రి పాళీ వేయకూడదు. ఈ డిమాండ్లు ఈఎస్ఐ అధికారుల ముందు పెట్టాలంటే మాటలు చాలవు, కాగితాలు కావాలి. గత ఏడాదిలో దడకు, నిద్ర లేమికి, ‘బలహీనత’కు మీకు రాసిచ్చిన చీటీల నకళ్లు తీయించండి. పేరు, కార్డు నంబరు కొట్టేసి, డిస్పెన్సరీ పేరు, తేదీ మాత్రం ఉంచి, ఆదివారం సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఎంతమందికి పరీక్ష లేకుండా నిద్రమాత్ర రాసి పంపించారో, ఎంతమందిని మానసిక విభాగానికి పంపారో ఖాతాల వారీగా లెక్క కట్టి ఆ చిట్టాను వాళ్ల బల్ల మీద పెడదాం. ఆడవాళ్ల చీటీలు తీసుకోవడానికి వైండింగ్ ఖాతా అక్కలు వేరే కూర్చుంటారు.